మూతా, గాలా? కుక్కలు, పిల్లులు ఆడుకునే బొమ్మలకు అలమరలో చోటు

మా ఇల్లు పాలకొల్లు దగ్గర, కాలువ గట్టుకు పది గజాల దూరంలో ఉంటుంది. ఇంట్లో భీముడు అనే నాటు కుక్క, సున్నుండ అనే పిల్లి ఉన్నాయి. వాటి బొమ్మలను దాచడం కూడా ఆలోచించవలసిన విషయమేనని ఒక శ్రావణ మాసంలో తెలిసింది. వారం రోజుల ముసురు తర్వాత అలమర తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన కొట్టింది. బిగుతైన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన తాడు బొమ్మ మీద పచ్చగా బూజు పట్టింది. గాలి ఆడకపోవడమే కారణమనుకుని, ఆ తర్వాత అన్నింటినీ వెదురు బుట్టలోకి మార్చాను. కార్తీకం వచ్చేసరికి గుడ్డ బొమ్మ కడుపు చీల్చి, అందులోని దూదితో చుంచెలుక పిల్లలకు పరుపు వేసుకుంది.

గోదావరి డెల్టాలో బొమ్మలు దాచుకునేవారి చిక్కంతా ఈ రెండు సంఘటనల్లోనే ఉంది. చెమ్మను వదిలించుకోవాలంటే గాలి కావాలి. ఎలుకలను, బొద్దింకలను ఆపాలంటే మూత కావాలి. హైదరాబాదులోనో అనంతపురంలోనో ఉండేవారికి ఒక మంచి డబ్బా కొనుక్కుంటే సరిపోవచ్చు. కాలువ నీళ్లు, చేపల చెరువులు, వరి చేలు చుట్టూ ఉన్న ఇంట్లో ఒకే డబ్బా రెండు పనులూ చేయదు. అందుకని ఏ డబ్బా మంచిదని అడిగేవారిని, దానిలో ఏ బొమ్మ పెడతారని నేను ఎదురు ప్రశ్న వేస్తాను.

ముందు బొమ్మల సంగతి

గట్టి రబ్బరు, నైలాను బొమ్మలు నీటిని పెద్దగా పీల్చవు. కడిగి తుడిస్తే గంటలో ఆరిపోతాయి. లోపల బోలుగా ఉండి పెరుగన్నమో వేరుశనగ ముద్దో కూరి ఇచ్చే రబ్బరు బొమ్మల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పైకి తళతళలాడుతున్నా లోపలి మలుపులో మెతుకు ఉండిపోతుంది. సీసాలు కడిగే సన్నని బ్రష్షు లేకుండా అది రాదు. మెతుకు ఉండిపోయిన బొమ్మను ఎంత గట్టి డబ్బాలో పెట్టినా మర్నాటికి చీమల బారు కట్టడం ఖాయం.

తాడు బొమ్మలు, దూది కూరిన గుడ్డ బొమ్మలు, టెన్నిసు బంతులు రెండో జాతి. ఇవి కుక్క లాలాజలాన్ని లోపలిదాకా పీల్చుకుంటాయి. పైన ఆరినట్టు కనిపించినా మధ్యలో తడి ఉంటుంది. బూజు మొదలయ్యేది అక్కడే.

మూడోది పిల్లి బొమ్మలు: ఈకలు కట్టిన పుల్లలు, దారాలు, రిబ్బన్లు. వీటిని మురికికంటే ప్రమాదానికి భయపడి దాచాలి. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలి వైపుకు తిరిగి ఉండటంతో నోట్లోకి పోయిన దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. దారం పేగుల్లో చిక్కుకుంటే పేగులు ముడతలు పడి కోసుకుపోతాయి, ఆపరేషనుదాకా వెళ్తుంది. అందువల్ల దారం బొమ్మలకు ఆట కాగానే మూత పడాలి.

ఇక మన ప్రాంతపు ఉచిత బొమ్మ కొబ్బరి డొక్క, అంటే కాయ వలిచిన పీచు తొక్క. అంబాజీపేట వైపు వెళ్తే ప్రతి కుక్క నోట్లోనూ అదే కనిపిస్తుంది. ఆడుకోనివ్వండి, కానీ దాచవద్దు. నానిన డొక్కకు రెండు రోజుల్లో బూజు పడుతుంది. పీచు పోగులను మింగితే పేగుకు అడ్డం పడవచ్చు. పక్కన ఉండి ఆడించి, సాయంత్రానికి పొయ్యిలోకో పాదులోకో పంపేయడం మేలు.

ఏ పాత్రలో ఏది?

అట్టపెట్టెను మొదటే పక్కన పెట్టేద్దాం. చెమ్మను పీలుస్తుంది, చెదలకు తిండి అవుతుంది, దాని మడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయి. పార్సిలు వచ్చిన పెట్టె ఊరికే ఉందికదా అని అందులో బొమ్మలు వేయకండి.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాను అందరూ కొంటారు, నేనూ కొన్నాను. పారదర్శకంగా ఉంటే ఏ బొమ్మ ఎక్కడుందో కనిపిస్తుంది, కడగడం తేలిక, చీమలు, బొద్దింకలు సులువుగా లోపలికి రావు. పూర్తిగా ఎండిన వస్తువులకు ఇది చక్కటి పాత్ర. కానీ లోపలికి వెళ్లిన తడి బయటికి పోయే దారి ఉండదు. అరచెంచా నీళ్లు మిగిలిన బొమ్మను వేసి మూత బిగిస్తే దాని పక్కన ఉన్నవన్నీ చెమ్మెక్కుతాయి. మరొక లోటు: ఎలుక నిజంగా పట్టుబట్టిందంటే ప్లాస్టిక్‌ను కొరికేస్తుంది. చుంచు సంగతి సరే, పందికొక్కులు తిరిగే పెరటి గదిలో ప్లాస్టిక్ డబ్బాను నమ్ముకోకండి. ఖాళీ పెయింటు బకెట్లు మన ఊళ్లలో నీళ్లకూ ధాన్యానికీ కూడా వాడేస్తారు. నోట్లో పెట్టుకునే వస్తువులకు నేను వాటిని వాడను. ఎన్నిసార్లు కడిగినా గోడకు అంటుకున్న రంగు పొరలు ఎండాకాలంలో లేచి వస్తాయి.

స్టీలు డబ్బా నా ఓటు గెలుచుకుంది. అమ్మ వాడటం మానేసిన పాత బియ్యం డబ్బా, పది కిలోలది, అటక మీద ఉంటే దించాను. ఎలుక పళ్లకు లొంగదు, తుప్పు పట్టదు, వాసన పీల్చదు, మరిగే నీళ్లు పోసి కడగవచ్చు. లోపలున్నది కనిపించదన్నది ఒక్కటే లోటు. ఇదే పని ట్రంకు పెట్టె చేస్తుందనుకోకండి. రేకు పెట్టెకు మన గాలిలో రెండు వర్షాకాలాలకే మూలల్లో తుప్పు లేస్తుంది. ఆ తుప్పు రజను బొమ్మలకు అంటుకుంటుంది.

వెదురు బుట్టలు, తాటాకు బుట్టలు చూపుకు బాగుంటాయి. వేసవిలో నాలుగు నెలలపాటు వాటిని మించినవి లేవు, గాలి ధారాళంగా ఆడుతుంది. కానీ అల్లిక సందుల్లో వెంట్రుకలు, దుమ్ము చేరితే బ్రష్షుకు కూడా రావు. గట్టిగా కడిగితే బుట్టే నానిపోతుంది. వానాకాలంలో బుట్టకే బూజు పడుతుంది. వెదురును తొలిచే పురుగు పడితే అడుగున పసుపు పచ్చని పొడి రాలుతూ ఉంటుంది. భీముడి దృష్టిలో ఆ బుట్ట మరో బొమ్మ. బుట్ట అంచు కొరికి, పేడు చిగుళ్లలో దిగి, ఒక రోజంతా తిండి మానేశాడు. బుట్టే కావాలనుకుంటే అలమర లోపల, పై అరలో పెట్టుకోండి, ఆషాఢం రాగానే బయటికి తీసేయండి.

గుడ్డ సంచులలో వల సంచి మేలైనది. వాషింగ్ మిషనులో సున్నితమైన బట్టలు వేసేందుకు జిప్పుతో దొరికే సంచి ఇందుకు సరిగ్గా సరిపోతుంది. తాడు, గుడ్డ బొమ్మలను అందులో వేసి అలాగే ఉతకవచ్చు, అలాగే ఆరేయవచ్చు, అలాగే అలమరలో కొక్కేనికి తగిలించవచ్చు. ఒక్క సంచితో మూడు పనులు అయిపోతాయి. వేలాడుతూ ఉంటే నాలుగు వైపులా గాలి తగులుతుంది, గోడ చెమ్మ అంటదు. ఎలుకకు అందడమూ కష్టమే, అయితే కొక్కెం గోడకు కాకుండా అర కిందో అడ్డకమ్మీకో ఉండాలి. ఉల్లిపాయల వల సంచి మాత్రం వద్దు. దాని పోగులు ఊడి వస్తాయి, పిల్లి గోరు చిక్కుకుంటుంది.

సంచుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మా వైపు రొయ్యల మేత సంచిని పారేసే ఇల్లు ఉండదు. దానితో పరదాలు, గొడుగులు, చాపలు, కూరగాయల సంచులు అన్నీ కుడతారు. మా అత్తయ్య ప్రేమగా భీముడి బొమ్మలకు కూడా ఒకటి కుట్టి ఇచ్చింది. అయిదుసార్లు ఉతికినా మేతలోని చేపపొడి వాసన దాన్ని వదలలేదు. భీముడు ఆ రాత్రి బొమ్మలు ముట్టుకోకుండా సంచినే చీల్చి, సగం నమిలేశాడు. మనకు రాని వాసన కుక్కకు, ఎలుకకు వస్తుందన్నది మరిచిపోతాం.

తలుపు లోపలి వైపు వేలాడదీసే చెప్పుల అరలు పిల్లి బొమ్మలకు బాగా కుదురుతాయి. ఒక్కో అరలో ఒక్కో పుల్ల వేయవచ్చు, దారాలు చిక్కుపడవు. కొత్తదే కొనండి, చెప్పులు పెట్టి తీసినది వద్దు.

ఏ అలమర?

పాత్రతో పాటు అలమర కూడా లెక్కలోకి వస్తుంది. మన పాత ఇళ్లలో గోడలోనే కట్టిన సిమెంటు అలమరలు ఉంటాయి. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది కాబట్టి గోడలు కింది నుంచి చెమ్మ పీల్చి, సున్నం ఉబ్బి, ఉప్పు పేలుతాయి. ఇలాంటి అలమరలో కింది రెండు అరలు బొమ్మలకు పనికిరావు. ఇనప బీరువా చెమ్మ పీల్చదు, ఎలుకలను ఆపుతుంది. కానీ గాలి ఆడదు, వానాకాలపు రాత్రి దాని లోపలి రేకు చల్లబడి తేమ పడుతుంది. చెక్క బీరువా టేకుదైతే మంచిదే. చెక్క పొట్టు పలకలతో చేసినదైతే నీరు తగిలిన చోటల్లా అటుకుల్లా ఉబ్బుతుంది.

నన్ను అడిగితే, ఉన్న అలమరలోనే నడుము ఎత్తు అర ఎంచుకోండి. పాత్రకు, వెనక గోడకు మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి. దుప్పట్లు, పసిపిల్లల బట్టలు ఉన్న అరలో కలపకండి. వాన లేని రోజు రెండు గంటలు తలుపులు బార్లా తెరిచి ఉంచితే చాలు, ఏ యంత్రమూ అక్కరలేదు. బొమ్మలన్నీ ఒకేసారి బయట పడేయకుండా మూడో నాలుగో వాడుకలో ఉంచి, మిగతావి లోపల ఉంచి, వారానికొకసారి మార్చండి. పాత బొమ్మ వారం తర్వాత కుక్కకు మళ్లీ కొత్తదవుతుంది, మీకు కడిగే పనీ తగ్గుతుంది.

అలమరలో వేయకూడనివి

ఇది మాత్రం నెమ్మదిగా చదవండి. బట్టల బీరువాలో కలరా ఉండలు వేయడం మనకు తాతల నాటి అలవాటు. అవి నాఫ్తలీనుతో చేస్తారు. కుక్క గాని పిల్లి గాని ఒకటి మింగితే రక్తంలోని ఎర్రకణాలు దెబ్బతింటాయి. మింగకపోయినా, మూసిన అలమరలో ఆ ఆవిరి గుడ్డ బొమ్మలకు, తాళ్లకు పడుతుంది. తర్వాత వాటినే నోట్లో పెట్టుకుని నములుతాయి. ముద్దకర్పూరం కూడా అంతే, దేవుడి గదికే పరిమితం చేయండి. బొమ్మలున్న అలమరలో ఇవి రెండూ ఉండకూడదు. పురుగులు రాకుండా ఏదైనా కావాలంటే నీడలో ఎండిన వేపాకును పలుచని గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టుకోండి, నెలకొకసారి మార్చండి. అది చేసే మేలు కొంచెమే, బొమ్మ ఎండుగా ఉండటమే అసలు కాపలా.

అర తుడవడానికి ఫినాయిలు కూడా వద్దు, ముఖ్యంగా పిల్లి ఉన్న ఇంట్లో. ఫినాలు జాతి మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. అర మీద నడిచి పాదాలు నాకినా చాలు, హాని జరగవచ్చు. సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడిస్తే సరి.

చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయి. స్టీలు డబ్బాలో వేసుకోవచ్చు, కానీ మూతకు లోపలి వైపు గుడ్డ సంచిలో కట్టి అతికించండి. బొమ్మలతో కలిపి వేస్తే ఏదో ఒక రోజు బొమ్మతో పాటు అదీ నోట్లోకి పోతుంది.

కడగడం, అంతకంటే ముఖ్యంగా ఆరబెట్టడం

2011లో అమెరికాకు చెందిన ఎన్ఎస్ఎఫ్ అనే సంస్థ 22 కుటుంబాల ఇళ్లలో 30 రకాల వస్తువులను పరీక్షించింది. క్రిములు ఎక్కువగా ఉన్న మొదటి పదింటిలో పెంపుడు జంతువుల బొమ్మ ఒకటి. గిన్నెలు తోమే స్పాంజి అన్నింటికంటే ముందుంది. కాబట్టి వంటింటి స్పాంజితో బొమ్మను కడిగితే ఎవరి మురికి ఎవరికి అంటుకుంటుందో చెప్పడం కష్టం. వేరే బ్రష్షు ఒకటి పెట్టుకోండి.

తిండి కూరే బొమ్మలను వాడిన ప్రతిసారీ, మిగతావాటిని వారానికొకసారి గిన్నెల సబ్బుతో, వేడి నీళ్లతో కడగండి. కుంకుడు రసం వాడమని పెద్దవాళ్లు అంటారు. అది కడుపులోకి పోతే వాంతులు చేయిస్తుంది, తాడు పోగుల్లో పడితే ఓ పట్టాన వదలదు, కాబట్టి తలంటుకే ఉంచుకుందాం. కాలువలో జాడించడం అసలు వద్దు, మంచినీళ్లతోనే కడగాలి.

బ్లీచ్ రోజూ అక్కరలేదు. కుక్కల ప్రాణం తీసే పార్వో వైరసు సోకిన కుక్క వాడిన రబ్బరు బొమ్మలకు మాత్రం తప్పదు. ఆ వైరసు ఇంట్లో నెలల తరబడి బతుకుతుంది, సబ్బుకు, స్పిరిటుకు లొంగదు. మొదట సబ్బుతో జిడ్డు పోగొట్టి, బట్టలకు వాడే ద్రవ బ్లీచ్ లీటరు నీటికి 30 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, పది నిమిషాలు నానబెట్టి, పుష్కలంగా కడగాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో బ్లీచ్‌ను ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఆ ఇంటి గుడ్డ బొమ్మలను, తాడు బొమ్మలను కాల్చేయడమే క్షేమం. కొత్త కుక్కపిల్లకు పాత బొమ్మలు ఎవరైనా ప్రేమతో ఇస్తే, వారి కుక్క ఎలా పోయిందో మొహమాటం లేకుండా అడగండి.

మాఘం నుంచి వైశాఖం దాకా ఆరబెట్టడం గురించి చెప్పడానికి ఏమీ లేదు, డాబా మీద ఒక పూట పడేస్తే చాలు. కష్టమంతా జూన్ నుంచి నవంబరు దాకా. ముందు నైరుతి వానలు, అవి పోగానే తుఫాన్లు. అప్పుడు తాడు బొమ్మను ఉతికాక పొడి తువ్వాలులో చుట్టి పిండి, ఫ్యాను కింద వేలాడదీయాలి. ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఆరిందో లేదో చేతికి తెలియదు, చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. మా అమ్మ పట్టుచీరలు మడిచే ముందు ఇలాగే చూసేది. చెంప పరీక్ష గట్టెక్కని బొమ్మ అలమరలోకి వెళ్లకూడదు. ఆ రోజుల్లో తాడు, గుడ్డ బొమ్మలు ఒక్కొక్కటే బయట ఉంచి, రబ్బరు బొమ్మలతోనే ఎక్కువగా ఆడించడం నా పద్ధతి.

లంకల్లో ఉండేవారికి

మా చిన్నక్క వాళ్లది పి.గన్నవరం అవతల లంక గ్రామం, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బ మీది ఊరు. 2022 జులై వరదలో వాళ్ల ఇంట్లోకి మోకాలి లోతు నీరు వచ్చింది. పిల్లలను, కుక్కను తీసుకుని గట్టు మీదికి వెళ్లారు కానీ అలమర కింది అరలోని బుట్ట నానిపోయింది. వరద నీటిలో ఎలుకల మూత్రం కలుస్తుంది. లెప్టోస్పైరా అనే క్రిమి అలాగే కుక్కలకూ మనుషులకూ సోకుతుంది. ఆ నీరు తాకిన గుడ్డ, తాడు, వెదురు ఏదైనా పారేయాలి. రబ్బరు, నైలాను బొమ్మలను చేతికి తొడుగులు వేసుకుని సబ్బుతో కడిగి, పైన చెప్పిన బ్లీచ్ నీటిలో ముంచి తీసుకోవచ్చు. కుక్కకు ఆ వ్యాధికి టీకా ఉంది, వానలకు ముందే పశువైద్యుడిని అడగండి.

లంకల్లోనివారికి నా ఎంపిక వేరుగా ఉంటుంది. వాళ్లకు పిడి ఉన్న చిన్న స్టీలు క్యాను ఒకటి చాలు, అలమరలో అన్నింటికంటే పై అరలో ఉండాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద 13 లక్షల క్యూసెక్కులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే, దాన్ని చేత్తో పట్టుకుని బయలుదేరగలగాలి. గట్టు మీద గుడారంలో కుక్కకు తెలిసిన వాసన ఉన్న బొమ్మ ఒకటి ఉంటే అది రాత్రంతా మొరగదు. అక్క ఆ సంగతి ఆ రెండు రాత్రుల్లో తెలుసుకుంది.

భీమవరంలోనో కాకినాడలోనో అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండేవారికి పందికొక్కు భయం, వరద భయం లేవు, బొద్దింకలూ చెమ్మా ఉన్నాయి. వాళ్లు స్టీలు డబ్బా కోసం వెతకనక్కరలేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి రబ్బరు బొమ్మలకు, వల సంచి ఒకటి తాళ్లకు చాలు. మాలాగా కాలువ పక్కన, పెరడు ఉన్న ఇంట్లో ఉండేవారు స్టీలు డబ్బాకే వెళ్లండి, దానితో పాటు వల సంచి. పిల్లి ఒక్కటే ఉంటే తలుపు అరలు, అవీ తలుపు గట్టిగా మూసుకునే అలమరలో.

ఆ తలుపు మాట చివరికి మిగిలింది. భీముడు మూడో వారానికే అలమర తలుపు సందులో ముక్కు దూర్చి తెరవడం నేర్చాడు. అయస్కాంతంతో అంటుకునే తలుపులు కుక్కకు ఒక లెక్క కాదు. తలుపు పై అంచున, మన చేతికి మాత్రమే అందే ఎత్తులో, ఒక ఇత్తడి గొళ్లెం వేయించాను. వడ్రంగి అరగంటలో బిగించి వెళ్లాడు. ఇప్పుడు భీముడు సాయంత్రం అయిదింటికి ఆ గొళ్లెం కింద కూర్చుని పైకి చూస్తాడు.